కన్సెప్టా పురుడు

8 నవంబరు 2002, శుక్రవారం. ఎన్నిస్

పాములే లేని దేశంలో నాగుల చవితి చేసుకోమంటే ఎవరైనా ఎట్లా చేసుకుంటారు? పొద్దున్నే తెనాలి నుంచి మా అత్తగారు సూర్యప్రభ గారి ఫోను, పుట్టలో పాలు పోశావా అని. ఇక్కడ పుట్టా లేదు పామూ లేదు అత్తయ్యా, వెనకటికి పాట్రిక్ అనే మహానుభావుడు అన్నిటినీ సముద్రంలోకి తోలేశాడట అని చెప్పాను. అయితే మన దోషం ఎట్లా పోతుందే మరి అంది. మన దోషం అనడం ఆవిడ మంచితనం. దోషం నా ఒక్కదానిదేనని జాతకం చూసినాయన ఎప్పుడో తేల్చేశాడు. పెళ్ళయి ఐదేళ్ళు, ఒళ్ళో ఎవరూ లేరు, కాబట్టి సర్పదోషం.

మా ఆయనతో చెబితే పకపకా నవ్వాడు. పద్మనాభం అని పాము మీద పడుకునే దేవుడి పేరు పెట్టుకుని, టీవీలో పాము కనపడితే కాళ్ళు రెండూ సోఫా మీదకి లాక్కునే మనిషి. షానన్‌లో ఆఫీసు వాళ్ళకి పద్మనాభం నోరు తిరగక ప్యాడీ అంటారు, ఇక్కడ పాట్రిక్‌లందరి ముద్దుపేరు అది. అట్లా సగం ఐర్లాండు వాడైపోయాడు. నాకు ఉద్యోగం చేసే వీసా లేదు కాబట్టి నేను మాత్రం ఇంట్లో ఇంకా సంపూర్ణగానే ఉన్నాను.

ఆ పేరొకటి. ఆరోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి మా నాన్న ఇక సంపూర్ణం అని దణ్ణం పెట్టి అదే పేరు తగిలించేశాడు. ముద్దంతా అక్కలైదుగురికీ సరిపోయింది, దీన్ని గిన్నెకంటిన మెతుకులతో చేశారు అనేది మా నాయనమ్మ. పుట్టినప్పుడు ఊపిరే లేదట. వీపు మీద చరిస్తే గానీ కెవ్వుమనలేదట. నాకు జలుబు చేసినా, లెక్కల్లో మార్కులు తగ్గినా, ఇప్పుడు కడుపు పండకపోయినా మా వాళ్ళందరిదీ ఒకటే మాట, కడగొట్టుది కదా అని.

సరే, ఊరుకుంటే మనసొప్పదు. చలిమిడితో పాముని చేసి, మిరియపు గింజలు కళ్ళుగా అద్ది, వెనక తోటలో మట్టి కుప్ప చేసి పాలు పోస్తున్నాను. గోడ మీదుగా పక్కింటి మిసెస్ కాన్సిడైన్ తల లేచింది. నలభై ఏళ్ళు ఆసుపత్రిలో కాన్పులు చేసి రిటైరైన మనిషి. ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, దాచడం ఎందుకని, పాముకి పూజ అన్నాను. అప్పుడావిడ ఏమందో రాసుకోవడానికే ఇవాళ డైరీ తెరిచాను.

"ఆ మట్టితో ఎందుకు, మా ఇంట్లో ఒకటుంది, రా."

ఉంది! వాళ్ళింట్లో వేడినీళ్ళ ట్యాంకు ఉండే గదిని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, దాని పక్కనే గాజు పెట్టెలో ఏడడుగుల పాము. నేను కొండచిలువ అనుకున్నాను. కాదట, బోవా అట. కొండచిలువ గుడ్లు పెడుతుంది, ఇది మనలాగా పిల్లల్ని కంటుందట. పేరు కన్సెప్టా. చిన్నప్పుడు వాళ్ళ బడిలో ఉన్న ఒక సన్యాసిని పేరట. అదే చూపు, అదే గడ్డం అంది. పాలు పోయనివ్వలేదు. తాగదు, తాగినా కడుపు పాడవుతుందంది. పోనీ అని చలిమిడి పాముని గాజు పెట్టె మీద పెట్టి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నైవేద్యాన్ని తోక వైపు నుంచి ఆవిడే తింటోంది, టీలో ముంచుకుని. గ్రాండ్ అంది.

9 నవంబరు

మిసెస్ కాన్సిడైన్‌ని ఆంటీ అని పిలిస్తే, నేనెవరికీ ఆంటీని కాను, బ్రీడా అను చాలు అంది. అరవై ఆరేళ్ళావిణ్ణి బ్రీడా అని ఎట్లా పిలుస్తాను? ఇవాళ పిలిచాను. బానే ఉంది.

10 డిసెంబరు, సుబ్బారాయుడి షష్ఠి

ప్రదక్షిణ చేయాల్సిందేనని అత్తయ్య పట్టు. గాజు పెట్టె గోడకి ఆనించి ఉంది, చుట్టూ తిరిగే దారి లేదు. బ్రీడా కన్సెప్టాని ఒళ్ళో వేసుకుని హాలు మధ్యలో కుర్చీలో కూర్చుని టీవీలో క్విజ్ చూస్తోంది. నేను తడిబట్టల్లో ఆ కుర్చీ చుట్టూ తిరిగాను. అంటే లెక్కకి బ్రీడాకి కూడా చేసినట్టే. అడ్డమొచ్చినప్పుడల్లా తల పక్కకి వంచి జవాబులు చెబుతూనే ఉంది, ఒక్కటీ తప్పుపోలేదు. చివర్న నా తడి చీర చూసి, మీ దేవుడు నిన్ను న్యుమోనియాతో తీసుకుపోతాడు అని టవల్ ఇచ్చింది.

18 జనవరి 2003, శనివారం

ఇవాళ నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పి పుడుతున్నాయి. కన్సెప్టాకి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చాం.

అల్లుడు బాలింకాలిగ్ అనే ఊళ్ళో ఉన్నాడు. ఆయనగారి యజమాని కూడా పాముల పిచ్చివాడే, పుట్టిన పిల్లల్లో సగం నాకివ్వాలి, అవీ నేను ఎంచుకున్నవే అని షరతు పెట్టాడట. బ్రీడా అంత దూరం కారు నడపదు. మా ఆయన్ని పాము కోసమని అడిగితే రాడు. అందుకని కేకు తేవాలన్నాం. అదేం అబద్ధం కాదు, బ్రీడా చెల్లెలు అక్కడే ఉంది, నిజంగానే కేకు కూడా ఇచ్చింది. దిండు గలీబులో అల్లుడు, గలీబు థర్మోకోల్ పెట్టెలో, పెట్టె వెనక సీట్లో. కేకు పాడవుతుంది హీటరు తగ్గిద్దామా అని ఈయన, వద్దండీ వెచ్చగా ఉండాలి అని నేను. కేకు వెచ్చగా ఎందుకు అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ బటివెంట్ దాటాడు. అక్కడ గతుకు మీద పెట్టె మూత లేచింది.

ఆయన కారాపి దిగి, తలుపు మర్యాదగా మూసి, వానలో చేలో ఆవుల దగ్గరకి నడిచి వెళ్ళిపోయాడు. ఎంత పిలిచినా రాడు. చివరికి బ్రీడాయే స్టీరింగ్ పట్టింది, ఈయన ముందు సీట్లో కాళ్ళు డాష్‌బోర్డు మీద పెట్టుకుని ఎన్నిస్ దాకా దింపలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "నువ్వు ఇట్లా నవ్వి ఎన్నాళ్ళయిందే పూర్ణా" అన్నాడు.

ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ తెలుసు. హైదరాబాదు తర్వాత ఇదే.

12 మార్చి

కన్సెప్టాకి కళ్ళు పోయాయి. నా వల్లే. సంతోషంతో పిచ్చెక్కేలా ఉంది.

మొన్నటిదాకా నల్లగా నిగనిగలాడే కళ్ళు ఇవాళ చూస్తే నీలంగా, పాలు పోసినట్టు మసకబారాయి. కడుపుతో ఉన్న ఆడది ఎదురుపడితే పాముకి కళ్ళు పోతాయి. మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. నాకు ఈ నెల తప్పింది. తప్పిందని ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా రాయలేదు. రాస్తే దిష్టి. కానీ పామే చెప్పేసింది కదా ఇప్పుడు.

పాపం బ్రీడా. ఆవిడ పాముని నేను గుడ్డిదాన్ని చేశాను. తేలు కుట్టిన దొంగలా టీ తాగేసి వచ్చేశాను.

13 మార్చి

ఈయనకి చెప్పాను. టెస్టు చేయించుకున్నావా, జీపీ దగ్గరకి వెళ్దామా అని అడిగాడు. టెస్టు పాము చేసింది కదండీ అంటే నా మొహం వంక అదోలా చూశాడు. అత్తయ్య మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. నాగేంద్రుడు కరుణించాడని వీధి వీధంతా మిఠాయి పంచి, సాయంత్రానికి సుబ్రహ్మణ్యం అని పేరు కూడా ఖాయం చేసేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా అమ్మ జయమ్మ మాత్రం ఫోన్లో సంతోషించి, ఆ వెంటనే జాగ్రత్తే, కడగొట్టుదానివి అంది.

17 మార్చి, పాట్రిక్ గారి పండగ

ఊరేగింపు చూసి, పచ్చ టోపీతో వచ్చి బ్రీడా వంటింట్లో కూర్చున్నాను. పాముల్ని తరిమినాయన పండగ పూట పాముని గుడ్డిదాన్ని చేసిన సంగతి దాచుకోవడం నా వల్ల కాలేదు. చెప్పేశాను, క్షమించమని. ఆవిడ మొదట అర్థం కాక చూసింది. అర్థమయ్యాక మెట్ల మీద కూలబడి నవ్వింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది. కుబుసం విడిచే ముందు ప్రతి పాముకీ కళ్ళు అట్లాగే మసకేస్తాయట. విడిచాక మామూలేనట. పైగా అల్లుడొచ్చి వెళ్ళాక, ఒళ్ళు ఉబ్బి తగ్గాక విడిచే ఈ కుబుసం ఉంది చూశావూ, ఇది పడిందంటే కడుపు నిలిచినట్టే అంది.

కన్సెప్టాకి. కడుపుతో ఉన్నది కన్సెప్టా.

నేను తెనాలంతా మిఠాయి పంచించాను.

నా మొహం చూసి ఆవిడ నవ్వు ఆపేసింది. లేచి మందుల అలమర తెరిచి ఒక చిన్న టెస్టు డబ్బా తీసి చేతిలో పెట్టి, బాత్రూమ్ అటు అని చూపించింది. చెల్లెలి కూతురి కోసం కొని ఉంచిందట. నేను వెళ్ళనన్నాను. వెళ్ళాను.

రెండు గీతలు.

రెండు గీతలు!! పాము చెప్పింది అబద్ధమే గానీ నిజమే. ఇద్దరం గట్టిగా పట్టుకుని హాలంతా తిరిగాం, టోపీ ఎక్కడో పడిపోయింది. ఊపిరి తిప్పుకుంటూ ఆవిడ, ఇది మొదటిదా అని అడిగింది.

మొదటిదే అన్నాను.

29 ఏప్రిల్

బ్రీడా, బాలింకాలిగ్ ఆయన ఫోన్లో కొట్టుకుంటున్నారు. ముందు పుట్టిన పాము పిల్లలే గట్టివి, ఆఖరివి నీరసంగా పుట్టి తిండి పట్టక మొదటి చలికాలంలోనే పోతాయి, కాబట్టి నా సగానికి ముందు పుట్టినవే కావాలి అని ఆయన పంతం. బ్రీడా మాత్రం, నలభై ఏళ్ళలో నేనట్లాంటి రూలేమీ చూడలేదు, చూసే దాకా నమ్మను అంటుంది. అందుకని పుట్టిన వరసలో గోళ్ళ రంగుతో చుక్కలు పెడుతుందట. ముందువాటికి ఎరుపు, మధ్యవాటికి నీలం, ఆఖరివాటికి తెలుపు. ఎవరు ముందు తింటారో, ఎవరు బరువెక్కుతారో చూసి, డబ్లిన్‌లో పాముల క్లబ్బులో లేచి నిలబడి చెబుతుందట.

నేను తెల్లచుక్కల పార్టీ. బయటికి అనలేదు.

2 మే

ముందు పుట్టినవే గట్టివట! ఆయనకేం తెలుసు. గట్టిదైతే హైదరాబాదులో

కన్సెప్టా ఈ వారం కూడా ఏమీ తినలేదు. కడుపుతో ఉంటే అంతేనట. ఎప్పుడు చూసినా దీపం కిందే పడుకుంటోంది.

10 మే

మూడో నెల దాటింది. కన్సెప్టాకి కాదు.

11 మే

ఇంకా ఉంది.

2 జులై, బుధవారం

పొద్దున పది గంటలకి బ్రీడా గోడ మీద గరిటెతో కొట్టింది. అది మా గుర్తు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తబోయి, పరిగెత్తకూడదని గుర్తొచ్చి, నడిచాను.

ఎంత చక్కగా కంటుందో! అరుపు లేదు, గోల లేదు. తోక కొంచెం ఎత్తుతుంది, ఒక పలచటి సంచీ జారుతుంది, సంచీలోంచి చుట్ట విప్పుకుని మూరెడు పిల్ల, పుడుతూనే ఒంటి నిండా డిజైనుతో. బ్రీడా ఆసుపత్రిలో ఉన్నట్టే చొక్కా చేతులు పైకి మడిచి, శభాష్ అమ్మాయీ, ఇంకొక్కటి, అంటూ ఒక్కొక్క దాన్నీ తుడిచి చుక్క పెట్టి ఐస్‌క్రీమ్ డబ్బాలో వేస్తోంది. మూతల మీద నంబర్లు రాసే పని నాది. ఎర్రచుక్కల వాళ్ళు పుడుతూనే తలెత్తి బుస్సుమన్నారు. మా పెద్దక్క గుర్తొచ్చింది. మధ్యలో కొన్ని పసుపు పచ్చటి పిందెలు కూడా పడ్డాయి, అవి పిల్లలు కావట. వాటివంక నేను చూడలేదు.

మొత్తం ఇరవై ఒకటి. ఆఖరిది రావడానికి చాలా ఆలస్యమైంది. వచ్చాక సంచీలోంచి కదల్లేదు. బ్రీడా దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, పక్కన గుడ్డ మీద పెట్టి, తల్లి సంగతి చూడటానికి వెళ్ళింది. ఆ పెట్టడం నాకు తెలుసు. నాకెంత కోపమొచ్చిందో! ఆ సంచీని గోరుతో చింపి, మూతి తుడిచి, వీపు మీద వేలితో చరిచాను. ఇంకోసారి చరిచాను. తిట్టాను కూడా. అప్పుడది నోరు ఇంతెత్తున తెరిచింది.

తెల్లచుక్క. ఇరవై ఒకటో నంబరు. అది నాది. వెయ్యి పిల్లల్లో ఉన్నా గుర్తుపడతాను, మెడ మీద డిజైను కొంచెం వంకరగా ఉంది.

8 జులై

తెల్లచుక్కల వాళ్ళ డబ్బాలు బాయిలర్ గోడ దగ్గరకి కొంచెం జరిపాను. మోసం ఏమీ కాదు. అక్కడ దుమ్ము తక్కువ.

11 జులై

బ్రీడా లాక్ డెర్గ్ వెళ్ళింది. దీవిలో మూడు రోజులు చెప్పుల్లేకుండా నడవాలట, తిండీ నిద్రా ఉండవట. మన మొక్కుల్లాంటిదే. పిల్లలు కుబుసం విడిచే టైమైంది, గోళ్ళ రంగు దాంతోపాటే పోతుంది, కాబట్టి ఎవరి డబ్బాలో వాళ్ళుండాలి, వచ్చి కొత్త చుక్కలు పెడతాను, ఎవర్నీ కదిలించకు అని నాకు రెండుసార్లు చెప్పింది. నేనేమన్నా చిన్నపిల్లనా?

12 జులై, శనివారం

పొద్దున అత్తయ్య ఫోను. నాగేంద్రుడింట కాన్పయి ఇవాళ పదకొండో రోజు కదే, పురుడు స్నానం చేయించావా అని అడిగింది. పదకొండు రోజులుగా పురిటింట్లోకి వెళ్ళి వస్తూ, స్నానమైనా లేకుండా మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను! నేనున్న ఈ స్థితిలో! తల్లికీ పిల్లలకీ గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పసుపు వేసి పోయించు, లేకపోతే కీడు అంది.

కన్సెప్టాకి పసుపు నీళ్ళు చిలకరించి సరిపెట్టాను. పిల్లల కోసం బ్రీడా బాత్‌టబ్‌లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పట్టాను. కుబుసానికి తడి మంచిదని బ్రీడాయే చెప్పింది కదా అని కూడా అనుకున్నాను. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా పోయొచ్చు. కానీ పుట్టినప్పటి నుంచీ ఎవరి డబ్బాలో వాళ్ళు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేదు. మేం ఆరుగురం ఆదివారం ఆదివారం ఒకే గాబు దగ్గర కూర్చుని తలంట్లు పోసుకునేవాళ్ళం. అందర్నీ కలిపే వేసేశాను.

ఆహా, ఏం ముచ్చట! ఇరవై ఒక్కరూ గిరగిరా ఈదారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మూతి టబ్బు అంచుకి రుద్దుకుని, మేజోడు విప్పినట్టు కుబుసాలు విప్పేసుకున్నారు. లోపల్నుంచి కొత్త కొత్తగా మెరిసిపోతూ వచ్చారు. కాకి పిల్ల కాకికి ముద్దు, నిజమే, కానీ ఈ పిల్లలు ఎవరికైనా ముద్దే. నేను టబ్బు అంచున కూర్చుని మా అమ్మ పాడే లాలిపాట పాడాను.

ఇంతలో ఒకడు కుళాయి గొట్టం పట్టుకుని పైకి ఎక్కాడు. వాడి వెనక ఇంకోడు. నేను వంగలేను, వంగకూడదు. కిటికీలోంచి ఏమండీ అని ఒక్క కేక పెట్టాను. నాకేదో అయిందనుకుని ఆయన సబ్బు నురగ మొహంతో, సగం గెడ్డం గీసుకుని, గోడ దూకి వచ్చాడు. బాత్రూమ్ గుమ్మంలో ఆగిపోయాడు. టబ్బు వంక చూశాడు, నా పొట్ట వంక చూశాడు. నువ్వు లేచి అవతల కూర్చో అన్నాడు. వంటింట్లోంచి చిల్లుల గిన్నె తెచ్చి, కళ్ళు సగం మూసుకుని, హరహరా శివశివా అనుకుంటూ ఒక్కొక్కణ్ణీ పట్టి డబ్బాల్లో వేశాడు. ఒకడు కరిచాడు కూడా. కరిచినా వదల్లేదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇవాళ మా ఆయన మీద నాకు మనసు పడింది.

13 జులై

ఆయన ఏ డబ్బా దగ్గరుంటే ఆ డబ్బాలో వేశాడు.

ఇప్పుడు తట్టింది. పళ్ళు తోముకుంటుంటే. పరిగెత్తి, కాదు, నడిచి వెళ్ళి చూశాను. చుక్కలన్నీ కుబుసాలతో పాటు టబ్బు జాలీలో ఉన్నాయి. ఎరుపూ నీలం తెలుపూ. మూతల మీద నంబర్లు నేను రాసినవి రాసినట్టే ఉన్నాయి, లోపల ఎవరున్నారో దేవుడికెరుక.

సర్లే, మిగతావి పోనీ, నాది నాకు తెలుస్తుంది కదా. మెడ మీద వంకర డిజైను. ఇరవై ఒకటీ తీసి చూశాను.

అందరి డిజైనూ వంకరే.

మళ్ళీ చూశాను. నీరసంగా ఉన్నదేదో అదే అయ్యుంటుందని వెతికాను. నీరసంగా ఒక్కటీ లేదు. వీపు చరిచి ఊపిరి తెప్పించిన దాన్ని, నా పిల్లని, నేను గుర్తుపట్టలేకపోయాను. డబ్బాల మధ్య నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎందుకేడ్చానో సరిగ్గా తెలియలేదు, అంత దుఃఖంగా కూడా లేదు.

14 జులై

బ్రీడా కాళ్ళకి బొబ్బలతో వచ్చింది. గుమ్మంలోనే చెప్పేశాను. పురుడు అంటే ఏమిటో, పదకొండో రోజు స్నానం ఎందుకో, గాబు దగ్గర ఆరుగురం కూర్చోవడం, అన్నీ. ఆవిడ ఎర్రగా అయింది. నాలుగు నెలల పని, డబ్లిన్‌లో లేచి నిలబడాల్సిన మనిషి. నేరుగా వెళ్ళి డబ్బాలన్నీ తెరిచింది. ఫ్రీజర్‌లో దాచిన చిట్టెలుకలు తీసి కరగబెట్టి పట్టకారుతో అందరికీ పెట్టింది. పంతొమ్మిది మంది టపీమని లాక్కున్నారు. ఇద్దరు మొహం తిప్పుకున్నారు.

ఆ ఇద్దరూ ఎవరు, మొదటివాళ్ళా ఆఖరివాళ్ళా అని నేను అడిగాను. నోరు జారింది. ఆవిడ నా వంక చూసింది, డబ్బాల వంక చూసింది. అప్పుడు మొదలైంది నవ్వు. బొబ్బల కాళ్ళతో మెట్ల మీద కూర్చుని పాట్రిక్ గారి పండగ నాటి నవ్వే మళ్ళీ నవ్వింది.

"చుక్క లేకపోతే ఎవరికీ తెలీదు పూర్ణా. నాకూ తెలీదు. అదే చెబుతా డబ్లిన్‌లో."

నవ్వు ఆగాక నేను, నాది మొదటిది కాదు, రెండోది అన్నాను. ముందొకటి మూడో నెలలో పోయింది, హైదరాబాదులో. ఆవిడ నాకు ముందే తెలుసన్నట్టు తలూపింది. కేటిల్ పెట్టింది. ఇద్దరం టీ తాగాం.

19 జులై

బాలింకాలిగ్ ఆయన వచ్చి మొదటివి ఏవని అడిగాడు. నువ్వే చూసి తీసుకో, చూస్తే తెలుస్తుందన్నావుగా అంది బ్రీడా. మధ్యాహ్నమంతా ఒక్కొక్కదాన్నీ ఎత్తి, తిప్పి, బరువు చూసి, పది ఏరుకున్నాడు. ఇవే మొదటివి, నాకు తెలుసు అన్నాడు వెళ్ళేటప్పుడు. బ్రీడా నా కాలు తొక్కింది.

20 జులై, ఆదివారం

మా అమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. చిన్నపిల్లలా నవ్వింది. నవ్వుతుండగా అడిగాను, అమ్మా, నేను పుట్టినప్పుడు ఎంతసేపు ఊపిరి తీయలేదు అని.

"నువ్వా? నువ్వు పుడుతూనే వీధి లేచేట్టు ఏడ్చావు కదే. ఊపిరి తీయంది మూడోది, విమల."

విమలక్క. కబడ్డీలో జిల్లాకి ఆడిన విమలక్క. మరి అందరూ నేనే అంటారేమిటమ్మా అన్నాను. ఏమోనే, ఆరు కాన్పులు, ఎవరికి ఏమైందో నాకు మాత్రం వరసగా గుర్తుంటుందా, కడగొట్టుదానివి దొరికావు, ఏదొచ్చినా నీకే అంటించాం అంది. ఆ మాట అనేసి, ఇంతకీ బెండకాయలు దొరుకుతున్నాయా అక్కడ అని అడిగింది.

దొరుకుతున్నాయని చెప్పాను.

ముప్ఫై ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు విమలక్క చుక్క నేను పెట్టుకు తిరిగాను. కోపం రావాలి కదా? ఫోన్ పెట్టేసి గదిలో ఒక్కదాన్నే నవ్వుతుంటే ఈయన పరిగెత్తుకొచ్చాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు, నా వీపు మీద ఒక చెయ్యి, పొట్ట మీద ఒక చెయ్యి వేసి అట్లాగే కూర్చున్నాడు. లోపలి మనిషి అప్పుడే కాలు జాడించింది, ఆయన చేతికి కూడా తెలిసేంత గట్టిగా.

26 జులై

బ్రీడా ఒక పిల్లని మాకిస్తానంది. ఈయన ఒద్దంటాడనుకున్నాను. తనే వెళ్ళి ఒకదాన్ని ఏరాడు, కళ్ళు పూర్తిగా తెరుచుకుని. పద్మనాభం ఉన్న ఇంట్లో శేషయ్య లేకపోతే ఎట్లా అన్నాడు. అది తనని కరిచిందేనని ఆయన నమ్మకం.

డబ్బా కొత్తది. మూత మీద నంబరు ఏం వేయమంటావని పెన్ను పట్టుకుని బ్రీడా నన్నడిగింది. శేషయ్య అని రాయమన్నాను. తెలుగులో ఎట్లా రాస్తారో నేర్పిస్తుంటే సాయంత్రమైంది.